చెంచులక్ష్మి మేడమ్ చూసిన ఎరుపు

సంజీవనగర్ గేటు దాటి మా ఇంటివైపు తిరిగే మలుపులో ఒక బేకరీ ఉంది. సాయంత్రం పూట వాళ్లు బన్నుల పిండి పులిసిన గిన్నెల మీద గుడ్డలు తీసేసరికి ఆ వాసన రోడ్డు మీదికి వచ్చి పడుతుంది. దారిన పోయేవాళ్లకు ఆకలి పుడుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మా పాత ల్యాబులో బ్యాక్టీరియాకు మేతగా కాచే ఈస్టు కషాయానిది అచ్చం ఇదే వాసన. దాని వెనకాలే చెంచులక్ష్మి మేడమ్, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, "ఏమ్మే నిర్మలా, ఇంకా కాలేదా?" అంటూ వచ్చేస్తుంది. వచ్చేస్తారు అని రాయాలి, పద్ధతి అది. నాకు చేతకావడం లేదు. ఆమె మీద మీకున్నది అభిమానమా గౌరవమా అని అడిగినవాళ్లున్నారు. రెండూ ఉండే ఉంటాయి, నేనెప్పుడూ వెతుక్కోలేదు. నాకు బాగా తెలిసింది మాత్రం కుళ్ళు. మర్యాదగా అసూయ అన్నా నాకు అభ్యంతరం లేదు.

తొంభైల చివరి సంగతి ఇది. నంద్యాలలో ఎటు చూసినా పత్తి విత్తనాల కంపెనీలు లేస్తున్న కాలం. మా ఓనరుగారు విత్తనాలు సంచుల్లో పోసి అమ్మడంతో ఆగకుండా, గోడౌను వెనక రెండు గదులు కట్టించి ల్యాబు అని బోర్డు పెట్టించారు. పత్తి మొక్కలోకి కొత్త జన్యువు ఎక్కించేటప్పుడు దానికి మిణుగురు పురుగు జన్యువును కూడా తగిలిస్తారు. దానికి వెలుగు పుట్టించే మందు చల్లితే ఆకు వెలిగిందా, పని జరిగినట్టు. యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఫస్టు వచ్చి, సొంత ఊళ్లోనే ఉద్యోగమని మురిసిపోతూ నేను ఆ ల్యాబులో చేరాను. అక్కడ పెద్దను నేనే అవుతానని అమ్మతో చెప్పాను. అమ్మ వీధి వీధంతా చెప్పింది. ఏడాది తిరిగేసరికి ఓనరుగారు ఒకామెను వెంటబెట్టుకుని వచ్చి, "ఆళ్లగడ్డామె. హైదరాబాదులో డాక్టరేటు చేసింది. ఇంక ఈమె చెప్పినట్టు చెయ్యమ్మా" అన్నారు. 

నలభై దాటిన మనిషి. పొడవు, నలుపు, గట్టి గొంతు. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చేది, జొన్నరొట్టె మీద చెనిక్కాయల పొడి వేసుకుని డబ్బా తెచ్చుకునేది. అందరికీ తుంచి పెట్టేది. వారం తిరక్కుండానే వాచ్‌మన్ నుంచి గుమాస్తాల దాకా "అక్కా, అక్కా" అని ఆమె చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నేను ఏడాదిగా ఉన్నా నన్ను టీ తాగావా అని అడిగిన పాపాన పోలేదు వాళ్లు. నన్ను కూడా అక్కా అనమంది. నేను పట్టుబట్టి మేడమ్ అనే పిలిచాను. సాయంత్రం అయిదు కాకముందే బస్సు వేళయిందని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయేది. పెద్దవాళ్లకు వేళలుంటాయి, మనకెందుకుంటాయి అని లోపల గొణుక్కుంటూ గిన్నెలు కడిగేదాన్ని.

మొదట్లోనే ఒకరోజు నన్ను పిలిచి కిటికీలు మూయించింది. టార్చిలైటు వెలిగించి దాని మీద అరచేయి పెట్టింది. వేళ్ల సందుల్లో, అంచుల్లో చెయ్యంతా ఎర్రగా వెలిగింది.

"చూస్తాండావా? బల్బులో అన్ని రంగులూ ఉండాయి. చెయ్యి దాటి వచ్చిందేంది?"

"ఎరుపు."

"ఎందుకని? నెత్తురు పచ్చను మింగుతాది, పసుపును మింగుతాది, ఎరుపును మాత్రం పోనిస్తాది. ఇప్పుడు విను. మనం ఎలిగించాల్సింది ఆకులో కాదు మే, బతికున్న ఎలుకలో. దాని ఊపిరితిత్తిలో క్యాన్సరు కణం పెరుగుతాంటే, కొయ్యకుండా, పొడవకుండా బయట నుంచి చూడాల. మిణుగురు ఎలుగు పసుపుపచ్చ. అంత లోపల నుంచి బయటికి రాదు, దోవలోనే నెత్తురు తాగేస్తాది. ఆ ఎలుగు పుట్టించే ఎంజైమును మార్చి ఎర్రగా ఎలిగించాల. ఎలుక ఒంటి వేడికి అది చెడిపోకూడదు. అంతే పని."

"ఆ పని నంద్యాలలోనా మేడమ్?"

"ఏం, నంద్యాలలో నెత్తురు ఎర్రగా ల్యా?"

అంతే పని అట! ప్రపంచంలో పెద్ద పెద్ద ల్యాబులు తలలు పట్టుకుంటున్న పనిని ఆమె రొట్టె కాల్చినంత తేలిగ్గా చెప్పింది.  ఆ ఆలోచన నాకెందుకు రాలేదన్న మంట మాత్రం ఆ పూటే మొదలైంది. హైదరాబాదులో తనకు తెలిసిన పరిశోధన సంస్థ ఎలుకల మీద పరీక్ష చేసి పెడుతుందట. ఎంజైము తయారుచేసి ఇవ్వాల్సింది మేము. ఓనరుగారికి పత్తి పని జరిగితే చాలు, ఆమె ఏం చేసుకున్నా సరేనన్నారు.

పని ఇలా ఉండేది. మిణుగురు జన్యువును నకలు తీసేటప్పుడు కావాలనే తప్పులు దొర్లనిస్తాం. ఒక్కో తప్పు నకలు ఒక్కో బ్యాక్టీరియాలోకి వెళ్తుంది. ప్లేటు మీద చల్లితే మర్నాటికి గసగసాలు పోసినట్టు వందల చుక్కలు మొలుస్తాయి. చుక్క చుక్కకూ ఎంజైము వేరు. వాటి మీద మందు స్ప్రే చేసి, చీకటి గదిలో ఏది ఏ రంగులో వెలుగుతోందో కంటితో చూడాలి. రంగు పట్టే మిషను కొనే స్తోమత మాకు లేదు, మా కళ్లే మిషను. ముందు చీకట్లో మాట్లాడకుండా కూర్చోవాలి, కళ్లు కుదుటపడేదాకా. ఆ తర్వాత ప్లేటు నిండా పసుపుపచ్చ మసక. అందులో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎర్రగా ఉంటుందేమోనని వెతకాలి.

ఆ గదిలోనే నా కడుపుమంట ముదిరింది. నేనింకా ప్లేటు అంచు ఎక్కడుందో తడుముకుంటూ ఉంటే, పక్కన చీకట్లోంచి ఆమె గొంతు వచ్చేది. "ఆడ, కుడిపక్క, అంచుకు దగ్గర. ఏదో ఎర్రగా లేదూ?" నాకేమీ కనిపించేది కాదు. "యాడ మేడమ్?" అంటే, "నువ్వే చూడు. చిన్నదానివి, నీ కళ్లకేం పుట్టింది?" అనేది. ఆ మాటకు నాకు పౌరుషం పొడుచుకొచ్చేది. చూసేదాన్ని. కళ్లల్లో నీళ్లు కారేదాకా చూసేదాన్ని. ఎక్కువసార్లు ఏమీ ఉండేది కాదు. "అయితే పోనీలే" అనేది తేలిగ్గా. ఒక్కోసారి నిజంగానే, ఆమె చెప్పిన దిక్కున కాస్త అటో ఇటో, మిగతావాటికంటే నారింజ రంగుకు తిరిగిన చుక్క ఒకటి దొరికేది. నలభై దాటిన ఆమెకు అంత చూపేమిటి, పాతికేళ్ల నాకు ఈ గుడ్డితనమేమిటి? ఇంటికి పోయి అమ్మతో చెబితే అమ్మ మునగాకు పప్పు చేసింది. మర్నాడు మునగాకు వేపుడు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో మునగాకే. మా తమ్ముడు అన్నం ముందు కూర్చుని, "ఆళ్లగడ్డామెకు కళ్లు బాగుంటే మాకేందిమా ఈ శిక్ష?" అని ఏడ్చాడు. ఎవరి మీదైనా కుళ్ళుకుంటే కళ్లల్లో నిప్పులు పోసుకుంది అంటారే, నేను ఆకులు కూడా పోసుకున్నాను.

చివరికి ఎరుపు దొరికింది. ఆ రోజు కూడా ఆమెదే మాట, "ఎడమపక్క చూడు మే, కింద." చాలాసేపు చూశాను. కుంకుమ రవ్వంత వెలుగు కనిపించింది. "ఉంది మేడమ్" అన్నాను. "చెప్పలా? నా చెయ్యి వణుకుతాది, నువ్వే గుచ్చు" అంది. టూత్‌పిక్ పుల్లతో ఆ చుక్కను ఎత్తి వేరే ప్లేటులోకి నాటాను. మళ్లీ మళ్లీ పెంచి చూసినా అది ఎరుపే. ల్యాబంతా కేరింతలు. అందరూ ఆమెకు దండం పెట్టేంత పని చేశారు. నేనూ నవ్వాను, దవడలు నొప్పి పుట్టేలా. దానికి ఒక్కటే లోపం. ఎలుక ఒంటి వేడికి పెడితే కాసేపట్లోనే ఆరిపోయేది. ఆమె చూసినదాంట్లో కూడా లోపముందని నాకు లోలోపల చెప్పలేనంత సంతోషం కలిగింది. ఎలుకలోకి వెళ్లేది నేను కనిపెట్టినదే కావాలని, ఆరోజు నుంచి నాకు అదొక్కటే పట్టుదల.

మే నెలలో ఆమె బంధువుల పెళ్లికని సెలవు పెట్టింది. నాకు ల్యాబు ఒంటరిగా దొరికింది. మధ్యాహ్నం భోజనం చేసి చీకటి గదిలో ప్లేట్లు పెట్టుకున్నానో లేదో, కరెంటు పోయింది, ఏసీ ఆగిపోయింది. నంద్యాల మే నెల, పైన రేకుల కప్పు. చెమట కారి కళ్లల్లో పడుతున్నా లేవలేదు. మందు స్ప్రే చేసి చూద్దును కదా, ప్లేటు నిండా ఎరుపు! ఒకటీ రెండూ కాదు, చుక్కలన్నీ మసక మసగ్గా ఎర్రబడ్డాయి. మధ్యలో ఒక్కటి మాత్రం పసుపుపచ్చగా, పొగరుగా వెలుగుతోంది. దాన్ని పట్టించుకోలేదు. గదిలోంచి ఎగురుకుంటూ బయటికొచ్చి ఓనరుగారికి చెప్పాను. ఆయన మైసూరుపాకు తెప్పించి గోడౌను హమాలీల దాకా పంచారు. ఎస్టీడీ బూతుకు పోయి ఆళ్లగడ్డకు ఫోను చేసి, పెళ్లి బాజాల మధ్య గొంతు చించుకుని చెప్పాను. "మేడమ్, నాకు దొరికింది. ప్లేటు ప్లేటంతా ఎరుపే!"

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది, పెళ్లి పసుపు కాళ్లతోనే. కరెంటు ఉంది, ఏసీ చల్లగా ఉంది. అవే చుక్కలు కొత్త ప్లేటులో వేసి ఉంచాను. స్ప్రే చేశాను. అన్నీ పసుపుపచ్చ. ఒక్క ఎరుపు లేదు. నేను ప్లేటు తిప్పాను, మూత తుడిచాను, ఇంకోటి తెచ్చాను. "మళ్లీ పసుపుపచ్చే మేడమ్" అన్నాను.

"నిన్న కరెంటు ఉండిందా?" అని అడిగింది నిదానంగా.

"లేదు."

"వేడికి ఆ ఎంజైము వదులవుతాది మే. వదులైతే దాని ఎలుగు ఎరుపుకు తిరుగుతాది, తర్వాత ఆరిపోతాది. నువ్వు చూసింది దాని రంగు కాదు, నంద్యాల ఎండ."

భూమి చీలితే బాగుండుననిపించింది. గోడౌను బయట హమాలీ ఒకతను ఇంకా మైసూరుపాకు నములుతున్నాడు. ఈ తప్పు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఎవరూ చెయ్యరు, వాళ్లకు ఏసీ ఆగదు. ఆమె నవ్వితే అయినా బాగుండేది, తిరిగి పోట్లాడేదాన్ని. నవ్వలేదు. "అన్నీ ఎర్రగైనాయా? ఒక్కటి కూడా మిగల్లేదా?" అంది.

"ఒక్కటి మిగిలింది. పసుపుపచ్చగానే ఉంది. పనికిరాదని వదిలేశాను."

ఆమె నా భుజం పట్టుకుని ఊపేసింది. "పిచ్చిదానా! అంత ఎండలో వదులు కాకుండా నిలబడింది అదే గదా! ఎలుక ఒంటి వేడి దానికొక లెక్కా? యాడుంది, చూపీ!"

పాత ప్లేటు ఇంకా పారెయ్యలేదు. చూపించాను. నిజంగానే అది ఎంత వేడిలో పెట్టినా చెడలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట ఏసీ ఆపేసి, ఎండకు కాగిన గదిలోనే ప్లేట్లు చూడటం మా ల్యాబు పద్ధతి అయింది. ఆమె ఆ పసుపుపచ్చదానికి "నిర్మల రకం" అని పేరు పెట్టి, ఓనరుగారి ముందు పదిసార్లు ఆ పేరే పలికింది. నాకు ఆ మెప్పు కూడా గుచ్చుకుంది. కనిపించింది నాకే, అది ఏమిటో తెలిసింది మాత్రం ఆమెకు.

అయినా ఇప్పుడు నా చేతిలో ఒకటుంది. ఆమె ఎరుపు వేడికి ఆరిపోతుంది. నాది వేడికి నిలుస్తుంది కానీ పసుపుపచ్చ. హైదరాబాదు వాళ్లు ఒక్కటే తీసుకుంటామన్నారు, ఎలుకల్లో పరీక్షకు అంతకంటే వీలులేదట. నాదే పంపమని అడిగాను. నిలిచే వెలుగు కొంతైనా బయటికొస్తుంది, ఆరిపోయినది అసలే రాదు అని వాదించాను. ఆమె చెనిక్కాయల పొడి చేతులు దులుపుకుంటూ, "రెండూ కలిపేద్దాం మే. నీ దాంట్లో వచ్చిన మార్పు, ఎర్రదాంట్లో వచ్చిన మార్పు, రెండూ ఒక్కదాంట్లో పెట్టి చూద్దాం" అంది.

"నేను ఒప్పుకోను."

"ఏందీ?"

"కలిపితే అది ఎవరిది మేడమ్? మీదా, నాదా?"

 ఆమె నా మొహంలోకి చూసింది. "ఎలుకది" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కలిపాను, ఇంకేం చేస్తాను? మొదటి రెండుసార్లు రెండు గుణాలూ పోయి పనికిమాలినది తయారైంది, నాకు సంతోషమే వేసింది. తర్వాత కుదిరింది. ఎర్రగా, వేడికి చలించకుండా, గది ఎండకు కాగుతున్నా నిలకడగా వెలిగింది. హైదరాబాదుకు నన్నే పంపింది. "నాకు ఊర్లో పనుంది, నువ్వు పో" అంది. అక్కడ ఒక చీకటి పెట్టెలో ఎలుకను మత్తిచ్చి పడుకోబెట్టారు. దాని ఊపిరితిత్తుల్లో మా ఎంజైము ఉన్న కణాలున్నాయి. కెమెరా తెర మీద మొదట ఏమీ లేదు. మెల్లగా దాని రొమ్ము మధ్య ఒక మచ్చ తేలింది. కత్తి పెట్టలేదు, చర్మం గీరలేదు. ఎలుక ఊపిరి పీలుస్తోంది, లోపలి వెలుగు బయటికొస్తోంది. ఆ క్షణాన ఆమె అక్కడ లేదు. ఆమెకంటే ముందు నేను చూశాను. నా జీవితంలో అంత గర్వం మళ్లీ పడలేదు.

ఆమెకు ఫోను చేసి చెప్పాను. "బాగా కనపడిందా మే?" అని రెండుసార్లు అడిగింది. పరిశోధన పత్రంలో నా పేరు ముందు పెట్టింది, తన పేరు వెనక. జాలిపడి పెట్టిందనుకుని ఆ రాత్రి అన్నం మానేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆమె ఉద్యోగం మానేసి ఆళ్లగడ్డలో ఇంటిపట్టున ఉండిపోయింది. ఆమె కుర్చీ నాకు వచ్చింది. కుర్చీ కోసం అంత కుళ్ళినదాన్ని, కూర్చుంటే ఏమీ అనిపించలేదు. కసిగా పనిచేసి పాతదానికంటే ఎక్కువ వెలిగే ఎరుపును సాధించాను. సాధించిన వారమే ఆళ్లగడ్డ బస్సెక్కాను. గొప్ప చెప్పుకోవడానికే ఎక్కాను, పలకరింపుకని అబద్ధమాడను. శిల్పుల కొట్టాల పక్క సందులో వాళ్ల ఇల్లు. రాతి మీద ఉలుల చప్పుడు మధ్య అంతా విని, "మంచి పని చేసినావు" అంది. అంతే! ఒక్క వంక పెట్టలేదు. నాకు ఉసూరుమనిపించింది. పొద్దు వాలుతుంటే బస్టాండు దాకా వచ్చింది, నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ.

బస్సు ఒకటి మా ముందే వచ్చి ఆగింది. నెత్తిన ఇంతింత అక్షరాలతో నంద్యాల అని ఉంది.

"యాడి బస్సు మే ఇది?" అంది.

"కనపడలేదా మేడమ్?"

"పొద్దు వాలితే నాకేమీ కనపడదు. మసక. అందుకే గదా అయిదు కాకముందే బస్సెక్కేదాన్ని."

"ఎప్పటినుంచి?"

"నంద్యాల రాకముందు నుంచే."

బస్సు వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. "మరి చీకటి గదిలో? ఆడ చూడు, ఈడ చూడు అనేవారు కదా?"

"నాకేం కనపడింది! ప్లేటు కూడా కనపడ్లే. ఊరికే అనేదాన్ని. నేను ఏదో చూసినా అంటే నువ్వు ఓర్చుకోలేవు గదా. అది చూసేదాకా కళ్లు తిప్పవు. ఇంకొకరైతే రెండు నిమిషాలకు ఏమీ లేదు మేడమ్ అని లేచిపోతారు."

"ఆ ఎరుపు?"

"అది నువ్వు చూసిందే. ఎడమపక్క అని నోటికొచ్చింది అన్నా. నీ పేరు ముందు పెట్టింది అందుకే."

"ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదా! ఇన్నేళ్లు మంటలో పెట్టారు నన్ను!"

"చెప్పింటే చల్లారిపోయేదానివి" అంది చెంచులక్ష్మి మేడమ్, ఎటో చూస్తూ. "ఇంకో బస్సు వస్తాంది, చప్పుడు వినపడుతాంది. దీన్నన్నా ఎక్కు."

నంద్యాల దాకా కోపంతోనే కూర్చున్నాను. ఎవరి ఎరుపును చూసి కుళ్ళానో అది నాదే. ఎవరి దాంతో కలపనని ఏడ్చానో అదీ నాదే. ఏ కళ్ల కోసం ఇంటిల్లిపాదికీ మునగాకు తినిపించానో ఆ కళ్లకు బస్సు కూడా ఆనదు. లెక్కకు ఆ రోజుతో నా కుళ్ళు తీరిపోవాలి, కుళ్ళడానికి ఇంక ఏం మిగిలిందని?

ఆ తర్వాత నా దగ్గర చాలామంది అమ్మాయిలు పనిచేశారు. తెలివైనవాళ్లు, మర్యాదస్తులు. చీకటి గదిలో వాళ్ల పక్కన కూర్చుని నేనూ అని చూశాను. "అదిగో, కుడివైపు, అంచుకు దగ్గర, ఎర్రగా లేదూ?" వాళ్లు వెంటనే, "అవును మేడమ్, కనిపిస్తోంది మేడమ్" అంటారు. అక్కడ ఏమీ ఉండదు. నేనంటే వాళ్లకు ప్రేమ, నా మాటంటే గురి. నన్ను మించిపోవాలన్న మంట ఒక్కరి కళ్లలోనూ లేదు. చెంచులక్ష్మి మేడమ్‌కు నేను దొరికాను. నాకు ఇంతవరకూ ఎవరూ దొరకలేదు, అందుకే ఆమె మీద నా కుళ్ళు ఇంకా తీరలేదు.